మామ్మ వదిలిన మూల

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్ళో ఆదివారం చర్చి అయ్యాక జనం చేలు చూడ్డానికి కార్లలో బయలుదేరేవారు. చర్చికి వేసుకున్న మంచి బట్టలతోనే, ముందు సీట్లో భార్యాభర్తలు, వెనక పిల్లలు, కారును మనిషి నడిచేంత నెమ్మదిగా పోనిస్తూ కిటికీలోంచి ఎవరి చేను ఎలా ఉందో చూసేవారు. మొక్కజొన్న ఎంత ఎదిగింది, సోయా సాళ్ళు తిన్నగా ఉన్నాయా లేదా అన్నది ఒక ఎత్తయితే, చేలో కలుపు ఉందా అన్నది ఇంకొక ఎత్తు. మనవైపు వాకిట్లో ముగ్గు చూసి ఇల్లాలి సంగతి చెప్పేసినట్టు, అక్కడ చేను చూసి మనిషి సంగతి తేల్చేసేవారు. కలుపున్న చేను గురించి పైకి ఎవరూ ఏమీ అనరు. ఆ చేను పక్కన కారు ఇంకాస్త నెమ్మదిస్తుంది, అంతే.

అది నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరు. అమెరికా చట్టం మారి మనలాంటివాళ్ళకి తలుపు తెరిచిన తొలి రోజుల్లో వచ్చిన డాక్టర్లలో మా నాన్నగారు ఒకరు. పెద్ద నగరాల్లో ఉద్యోగాలు దొరక్క కాదు, ఆ ఊళ్ళో డాక్టరు లేడని ఎవరో చెబితే చూడ్డానికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఆ తరవాత అమ్మా నేనూ వచ్చాం. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. చుట్టుపక్కల ఎటు చూసినా ఆకాశం, చేలు, ధాన్యం నిలవచేసే పొడుగాటి గోదాం, చర్చి గోపురం. తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి.

ఆ ఊరివాళ్ళు కూడా ఒకప్పుడు మాలాంటివాళ్ళే. వాళ్ళ తాతముత్తాతలు బొహీమియా నుంచీ, జర్మనీ నుంచీ, స్వీడన్ నుంచీ ఓడల్లో వచ్చి, బళ్ళు కట్టుకుని ఆ గడ్డి మైదానాలకు చేరారు. ఇల్లు కట్టడానికి చెట్టన్నది లేదు కాబట్టి గడ్డి వేళ్ళతో సహా నేలని ఇటుకల్లా కోసి, ఆ మట్టిగడ్డలతోనే గోడలు పేర్చుకున్నారట. బడిలో మాకు ఈ కథ ఏటా చెప్పేవారు. అంతకుముందు ఆ నేల మీద ఎవరుండేవారో, వాళ్ళేమయ్యారో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేను పెద్దయ్యాక చదువుకుని తెలుసుకోవలసి వచ్చింది.

మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకి అవతల ఉన్న సోయా చేను ఒక ముసలావిడది. నేను ఆవిడని మనసులో 'ఎదురు పొలం మామ్మ' అనుకునేదాన్ని. భర్త పోయాక ట్రాక్టరు కూడా తనే నడుపుకుంటూ ఒంటిచేత్తో సేద్యం చేసేది. ఎండకి కమిలిన మొహం, మగవాళ్ళ చొక్కా, ముక్కు మీద కోపం. ఒమాహా నగరంలో ఉద్యోగం చేసే కొడుకు వచ్చినప్పుడల్లా, చేను కౌలుకిచ్చేసి తన దగ్గరికి వచ్చెయ్యమని పోరేవాడు. వాళ్ళ తాతగారి నాటి నుంచీ ఆ చేలో కలుపు మొక్క కనపడలేదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాటే ఆవిడకి ఆస్తి. అది ఉన్నంత కాలం ఆవిడకి వయసైపోయిందని అనే ధైర్యం ఎవరికీ లేదు.

మేం వచ్చిన మరుసటి వేసవిలో అమ్మకి నెల తప్పింది. వేవిళ్ళంటే అలాంటి ఇలాంటి వేవిళ్ళు కావు. బియ్యం ఉడికిన వాసన పడదు, పాల వాసన పడదు, చివరికి మంచినీళ్ళు కూడా నిలవవు. నాన్నగారు ఆస్పత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించేవారు. ఇంటికి వచ్చిన మర్నాటికి మళ్ళీ మామూలే. మనిషి సగమైపోయింది. ఊరందరికీ వైద్యం చేసే నాన్నగారు మంచం పక్కన దిగులుగా కూర్చుంటే అమ్మే నీరసంగా నవ్వి, "పెరటి చెట్టు మందుకి పనికిరాదులెండి" అనేది.

ఒకరోజు నాన్నగారు తలుపు అవతల అనడం విన్నాను. "ఇలాగే ఉంటే డేంజర్. నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ తిండి పడకపోతే టికెట్ బుక్ చేస్తాను, మీ అమ్మగారి దగ్గరికి వెళ్ళిపో."

"వెళ్తానండీ," అంది అమ్మ. "కానీ ఒకసారి వెళ్ళానంటే మళ్ళీ ఈ దేశం రాను. ఇప్పుడే చెప్తున్నా."

నాన్నగారు ఆ ఊరు వదలలేరని నాకు తెలుసు. ఆయన వెళ్ళిపోతే ఊళ్ళో పురుళ్ళు పోసేవాళ్ళు కూడా ఉండరు. అంటే అమ్మ ఒక దేశంలో, నాన్నగారు ఒక దేశంలో ఉంటారన్నమాట. నేనెక్కడ ఉంటానో ఎవరూ అనలేదు. ఆ నెలంతా నేను అమ్మ కంచం వంకే చూస్తూ బతికాను.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం అమ్మ తనంతట తానే లేచి కిటికీ దగ్గర నిలబడింది. "అదేమిటే, ఆ రోడ్డు పక్కన? తోటకూరలా లేదూ?" అంది. నాకేం తెలుసు! చెప్పులు తొడుక్కుని, ఇంట్లో కట్టుకునే నేతచీరతోనే రోడ్డు పక్కన పల్లంలోకి దిగింది. నిజంగానే తోటకూర, లేదా దాని తోబుట్టువు. రోడ్డు పొడుగునా మోకాలెత్తున పెరిగి ఉంది. అమ్మ మొహంలో ఎన్నాళ్ళకో ఆశ కనిపించింది. చిగుళ్ళు తుంచి కొంగులో వేసుకుంటూ, ఇంట్లో చింతపండు ఇంకా కాస్త మిగిలే ఉందని, పులుసుకి సరిపోతుందని నాతో చెప్పింది. తిండి గురించి అమ్మ మాట్లాడి ఎన్ని రోజులైందో!

అంతలో అవతలి చేలోంచి పెద్ద కేక. మామ్మ సోయా సాళ్ళ మధ్య నడుస్తూ, పొడుగాటి కర్రకి బిగించిన కొక్కెం కత్తితో కలుపు నరుకుతోంది. ఆ కర్ర పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. వస్తూనే అమ్మ కొంగు లాగి ఆకులన్నీ కింద దులిపేసి, బూటు కాలితో తొక్కేసింది. అమ్మ బిక్కచచ్చిపోయింది. ఆవిడ ఇంగ్లీషు హడావుడిలో నాకు అర్థమైంది 'పాయిజన్' అన్న ఒక్క మాటే. అది చెప్పబోయేలోపే అమ్మ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"కలుపు మొక్కకి కూడా నోచుకోలేదే నేను," అంటూ ఆ పూటంతా ఏడ్చింది. "దొంగని తరిమినట్టు తరిమింది చూశావా!"

సాయంత్రం నాన్నగారు వచ్చి సంగతి విని కుర్చీలో కూలబడ్డారు. కౌంటీ వాళ్ళు ఆ ముందు రోజే రోడ్డు పక్కలంతా కలుపు మందు కొట్టి వెళ్ళారట. "ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది. నువ్వది వండుకుని తినుంటే?" అన్నారు. మన ఊళ్ళో గట్టు మీద మొలిచిన ఆకు కోసుకుంటే అడిగేవాళ్ళు లేరు, ఆకు మీద మందు ఉంటుందన్న ఊహే రాదు. ఆ పొరపాటు ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చెయ్యరు.

మర్నాడు మామ్మ మా వంటింటి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడింది. అరిచినందుకు తప్పయిందని చెప్పమంది. అమ్మ మంచం దిగి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు, అమ్మ తెలుగు, మధ్యలో నేను. మామ్మ మొదట అడిగింది ఒకటే.

"మీ దేశంలో ఆ పిగ్‌వీడ్ తింటారా?"

ఆ ఊళ్ళో దాని పేరు అది. పందులకి వేసే మొక్క. ఆ పేరులోని పందిని నేను తెలుగులోకి తేకుండా దాటేశాను. అమ్మ తింటామంది. తనకి లోపలికి పోయేదంటూ ఉంటే ఇప్పుడు అదొక్కటేనని కూడా చెప్పమంది. మామ్మ అమ్మ మొహంలోకీ, సన్నబడిన చేతుల వంకా చూసి, చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆవిడ చెప్పిన కథ నాకు ఇప్పటికీ అలాగే జ్ఞాపకం. వాళ్ళ అమ్మమ్మ బొహీమియా నుంచి వచ్చినప్పుడు కడుపుతో ఉందట. మొదటి చలికాలం మట్టిగడ్డల ఇంట్లో గడిచింది. ఉన్నదల్లా మొక్కజొన్న పిండి, అది చూస్తేనే ఆవిడకి వాంతి. వసంతంలో మనిషి లేవలేని స్థితికి వచ్చింది. అప్పుడు మైలు దూరం నుంచి ఒక స్వీడన్ ఆవిడ వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. చేలో మొలిచిన ఈ ఆకునే ఒళ్ళో పోసుకొచ్చి, ఉడికించి, ఉప్పేసి, పక్కన కూర్చుని చెంచాతో తినిపించిందట. అది నిలిచింది. ఆ కడుపులోని బిడ్డే మామ్మ వాళ్ళ అమ్మ.

కథ అంతటితో అయిపోలేదు. తరవాత పంటలు పండి ఊరు ఏర్పడ్డాక, ఆకు తిని బతికిన సంగతి ఎలాగో బయటపడి ఆ ఇంటికి 'పందిమేత వాళ్ళు' అని పేరు పడిందట. వాళ్ళ అమ్మని బడిలో అదే పేరుతో పిలిచేవారట. అందుకే వాళ్ళ తాతగారు తన చేలో ఆ మొక్క ఒక్కటి కూడా కనపడడానికి వీల్లేదని పట్టుపట్టాడు. ఊరంతా చూసి మెచ్చుకునే ఆ శుభ్రమైన చేను అలా మొదలైంది. ఇదంతా ఎంతో మామూలుగా చెప్పి, టోపీ పెట్టుకుని మామ్మ వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి, మా ఇంటికి ఎదురుగా ఉన్న చేను మూలలో కలుపు లేచింది. రోడ్డు పక్కనే, నాలుగు మంచాలు వేసేంత చోటు. మిగతా చేనంతా అద్దంలా ఉంటే ఆ ఒక్క మూల మాత్రం ఆకుపచ్చగా, దట్టంగా, అడ్డదిడ్డంగా. నేలలో పడి ఉన్న గింజ ఆ ఎండకీ తడికీ ఎంత తొందరగా లేస్తుందో! మామ్మ వచ్చి అమ్మని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ఆ మూలలో మందు కొట్టలేదని, కత్తి పెట్టలేదని, ఇకముందూ మందు కొట్టనని నాచేత చెప్పించింది. చేను లోపల ఎక్కడో వదలొచ్చు కదా అని అమ్మ అడిగింది. "నువ్వంత దూరం నడవలేవు," అంది మామ్మ.

ఆరోజు అమ్మ తోటకూర పులుసు పెట్టుకుని నాలుగు ముద్దలు తింది. నేనూ నాన్నగారూ ఊపిరి బిగబట్టి ఎదురుగా కూర్చున్నాం. ఒక గంట గడిచింది. నిలిచింది. నాన్నగారు లేచి వరండాలోకి వెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు.

అప్పటి నుంచి అమ్మ పొద్దున్నే రోడ్డు దాటి వెళ్ళేది. ఈ మొక్క గింజ కట్టిందంటే చేనంతా పాకుతుందని మామ్మకి భయం. తలలు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేస్తుందే గాని పూతకి రాదని అమ్మ చేసి చూపించింది. ఇద్దరూ వంగి మొక్క మొక్కా తడుముతూ, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే కబుర్లు చెప్పుకునేవారు. నేను బడి సెలవుల్లో ఉన్నా నన్ను పిలవడం మానేశారు. పప్పులోకీ, వేపుడులోకీ, పులుసులోకీ అదే ఆకు. అమ్మ మెడ కింద గుంటలు పూడాయి.

కానీ ఊరికి కళ్ళున్నాయి. ఆదివారాలు మా ఇంటి ముందు కార్లు మరీ నెమ్మదించడం మొదలైంది. కొన్ని ఆగిపోయేవి కూడా. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మామ్మతో చేను గట్టు మీద ఉండగా, ధాన్యం గోదాం నడిపే పెద్దాయన కారు ఆపి అద్దం దించాడు. వెనక సీట్లో మనవలున్నారు.

"చూపు ఆనడం లేదా ఏమిటి?" అన్నాడు ఆ మూల వైపు గడ్డంతో చూపిస్తూ.

మామ్మ టోపీ సర్దుకుంది.

"మీ అబ్బాయి మొన్న వచ్చినప్పుడు అన్నాడు, అమ్మ వల్ల ఇంక కావడం లేదని. నేనే నమ్మలేదు."

నాకు నోరు ఆగలేదు. అది మా అమ్మ కోసమని చెప్పబోయాను. మామ్మ చెయ్యి నా భుజం మీద బరువుగా పడింది. "అవును," అంది ఆయనతో. "వయసు మీద పడుతోంది. ఆ మూల దాకా ఓపిక ఉండడం లేదు."

కారు వెళ్ళిపోయింది. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను. చేను కౌలుకి పోతుందేమోనని నాకే ఏడుపొచ్చింది. మామ్మ నా ఎత్తుకి వంగి చెప్పింది.

"మీ అమ్మ ఈ ఊరికి కొత్త. డాక్టరు భార్య పందులమేత తింటుందని ఒకసారి నవ్వారంటే, ఆ నవ్వు ఆవిడని వదలదు. రేపు నిన్నూ వదలదు. నేను ఇక్కడే పుట్టినదాన్ని. నన్ను చూసి నవ్వితే నవ్వనీ."

ఆ మాట నేను ఒంటరిగా మొయ్యలేకపోయాను. ఇంటికి వెళ్ళి అమ్మకి మొత్తం చెప్పేశాను. అమ్మ వింటూ వింటూ స్టవ్ ఆపేసింది. ఆ ఆకు కోసం ఆవిడ ఏమి పోగొట్టుకుంటోందో అమ్మకి అంతవరకూ తెలియదు. మన దేశంలో కలుపున్న చేను చూసి బద్ధకం అంటారు గాని, మనిషి పనైపోయిందని తీర్మానించరు.

ఆ వారంలోనే చర్చి హాల్లో ఊరి విందు. అందరూ తలొక వంటకం తెచ్చి పొడుగాటి బల్ల మీద పెడతారు. అలాంటి చోట్లకి నాన్నగారు మొహమాటానికి వెళ్ళి వచ్చేవారే గాని అమ్మ అంతవరకూ గడప తొక్కలేదు. ఆరోజు పట్టుచీర కట్టుకుంది. పెద్ద గిన్నెడు తోటకూర పప్పు పట్టుకుని కారెక్కింది. నాన్నగారు దారిలో అడిగారు, "నువ్వు షూరేనా?" అని. అమ్మ ఒళ్ళోని గిన్నె మూత ఇంకాస్త బిగించింది.

హాలంతా మాటలతో గోలగా ఉంది. బంగాళదుంపల వంటకాల మధ్య అమ్మ గిన్నె పెట్టి మూత తీసింది. ఎవరో ఇల్లాలు వంగి చూసి, ఇదేమిటని మర్యాదగా అడిగింది. నేను చెప్పబోతే అమ్మ నన్ను వెనక్కి లాగింది. అమ్మ ఇంగ్లీషు నలుగురిలో వినడం నాకు అదే మొదలు.

"పిగ్‌వీడ్," అంది అమ్మ, అందరికీ వినపడేట్టు. పేరు ఎప్పుడు నేర్చుకుందో! "ఫ్రమ్ హర్ ఫీల్డ్. ఐ సిక్. షి కీప్ ఫర్ మీ. ఐ ఈట్, బేబీ ఈట్." ఊపిరి తీసుకుని గోదాం పెద్దాయన వైపు తిరిగింది. "దట్ కార్నర్, మై కార్నర్. షి ఈజ్ నాట్ ఓల్డ్."

వెనక ఎక్కడో ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు, ఎవరో వాణ్ణి మొట్టారు. మామ్మ గోడవారగా నిలబడి ఉంది. ఎర్రబడ్డ మొహంతో బల్ల దగ్గరికి వచ్చి, పళ్ళెం తీసుకుని పప్పు నిండా వడ్డించుకుని, అందరూ చూస్తుండగా నిలబడే తినేసింది. "ఉప్పు తక్కువైంది," అంది అమ్మతో. ఆ మాట నేను తెలుగులోకి మార్చనక్కర్లేకపోయింది. ఇద్దరూ నవ్వారు.

ఆ ఊరు ఆ రాత్రితో మారిపోయి అందరూ తోటకూర తిన్నారని చెప్తే అబద్ధమవుతుంది. మర్యాదకి ఇద్దరు ముగ్గురు రుచి చూశారు, గిన్నె ముప్పాతిక నిండుగానే ఇంటికి వచ్చింది. నవ్వినవాళ్ళు కొన్నాళ్ళు నవ్వారు. బడిలో నన్నూ ఆ పేరు పెట్టి పిలిచిన పిల్లలున్నారు. కానీ మా అమ్మ నోటితోనే విన్నాక అందులో పస లేకపోయింది. గోదాం పెద్దాయన మామ్మ దగ్గరికి వచ్చి ఏదో గొణిగి చెయ్యి కలిపాడు. కౌలు మాట కొడుకు మళ్ళీ ఎత్తలేదు. మామ్మ ఆ చేను ఇంకా చాలా ఏళ్ళు దున్నింది. నాన్నగారు టికెట్ బుక్ చెయ్యలేదు. ఆ చలికాలంలో తమ్ముడు పుట్టాడు, వాణ్ణి అందరికంటే ముందు ఒళ్ళోకి తీసుకున్నది మామ్మే.

ఇప్పుడు నేను నేపర్‌విల్ అనే పెద్ద ఊళ్ళో ఉంటున్నాను, ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. చుట్టూ మన పిల్లలే. గెట్ టుగెదర్లలో "ఆంటీ, ఆంటీ" అంటూ చేరి అవీ ఇవీ చెబుతారు. అందులో ఊళ్ళోవాళ్ళ మీద చెప్పుకునేవీ ఉంటాయి. ఫలానా ఆవిడ ఈ మధ్య ఎవరింటికీ రావడం లేదట, ఇల్లు సర్దుకోవడం కూడా మానేసిందట, ఉద్యోగంలో ప్రమోషన్ వద్దందట. పనైపోయిన మనిషి అన్న మాట ఎలాగూ వస్తుంది. నాదీ మనిషి బుద్ధే కదా, ఒక్కోసారి అవునేమో అని నోటిదాకా వస్తుంది. అప్పుడు నా భుజం మీద ఆ బరువైన చెయ్యి తెలుస్తుంది. ఆవిడ ఎవరిని వెనక దాచుకుని ఆ మాట పడుతోందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు. అందుకని నేను అద్దం దించి అడగను. వీలైతే కారు దిగి, ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడతాను.